తిండి మాటకు పూచీ ఎవరిది?

తెల్లారి లేస్తే చాలు, ఏం తినాలో చెప్పేవాళ్ళకు కొదవ లేదు. అన్నం మానేయమని ఒకరు, అన్నమే అమృతమని మరొకరు. కొబ్బరినూనె తాగమని ఇంకొకరు, నూనె చుక్క ముట్టొద్దని వేరొకరు. పరగడుపున మెంతులు, వేడినీళ్ళలో తేనె, రాత్రి నానబెట్టిన దాల్చినచెక్క... ఇంటికో వైద్యం, ఫోనుకో ఆచార్యుడు అన్నట్లుంది వరస. హోసూరు కర్మాగారానికి షిఫ్టులకెళ్ళే కుర్రాడి నుంచి షోలాపూర్‌లో బీడీలు చుట్టే అమ్మ దాకా, బరంపురం అప్పడాల వ్యాపారి నుంచి బళ్ళారి రైతు దాకా అందరి చెవిలోనూ ఈ మాటలు పడుతూనే ఉన్నాయి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెత ఊరికే పుట్టలేదు. మాట తప్పయితే నష్టపోయేది విన్నవాడి ఒళ్ళు. చెప్పినవాడు దులుపుకుని ఇంకో మాట అందుకుంటాడు. అందుకే తిండి గురించి, ఒంటి గురించి ఎవరేం చెప్పినా ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఈ మాటకు పూచీ పడేదెవరు?

ఇదేదో కాలక్షేపం కబురు కాదు. భారత వైద్య పరిశోధన మండలి దేశంలోని అన్ని రాష్ట్రాల్లో జరిపించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో 10.1 కోట్లమందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్లమంది దాని గడప దగ్గర నిలబడి ఉన్నారు. రక్తపోటు ఉన్నవాళ్ళు 31.5 కోట్లు. దేశంలోని మొత్తం రోగభారంలో 56.4 శాతం సరికాని తిండి వల్ల వస్తున్నదేనని 2024లో జాతీయ పోషకాహార సంస్థ తన మార్గదర్శకాల్లో పేర్కొంది. అంటే తిండి గురించి సరైన మాట తెలియడం ఇప్పుడు మందు దొరకడమంత అవసరం. మందుకైతే డాక్టరు చీటీ కావాలి. మాటకు ఏ చీటీ అక్కర్లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

సరిహద్దుకు అవతల స్థిరపడిన తెలుగువారికి ఈ చిక్కు రెండింతలు. వారి ఇంటికి ఆరోగ్యం మాట రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, తామున్న రాష్ట్ర ప్రభుత్వం చెప్పేది. అది కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటుంది. రెండోది, తెలుగు ఛానళ్ళ నుంచి, ఫోన్లలో చేతులు మారే వీడియోల నుంచి వచ్చేది. మొదటిదానికి ఎంతో కొంత పూచీ ఉంది, భాష పరాయిది. రెండోదాని భాష మనది, పూచీ మాత్రం అంతంతే. ఇంట్లో పెద్దవాళ్ళు దేన్ని నమ్ముతారో వేరే చెప్పాలా? పొద్దస్తమానం బజారులో, బస్సులో, ఆఫీసులో పరభాష వినీ వినీ ఇంటికొచ్చాక చెవిన పడే తెలుగు మాటకు సొంత మనిషి చెప్పినంత విలువ ఉంటుంది. ఆ నమ్మకమే పొడుల డబ్బాలు అమ్ముకునేవారికి పెట్టుబడి అవుతోంది.

ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదనడం అన్యాయం. తమిళనాడు సర్కారు ఇంటి ముంగిటికే వైద్యం తెచ్చే 'మక్కళై తేడి మరుత్తువం' పథకాన్ని 2021 ఆగస్టు 5న ప్రారంభించింది తెలుగు ఇళ్ళు మెండుగా ఉన్న కృష్ణగిరి జిల్లాలోనే, సామనపల్లి గ్రామంలో. ఊరి పేరులోనే తెలుగు ఉంది. రక్తపోటు, చక్కెర పరీక్షలు చేసి మాత్రలు ఇంటికే ఇచ్చే పథకం అది. కర్ణాటక ప్రభుత్వం 'గృహ ఆరోగ్య' పథకాన్ని 2024లో కోలారు జిల్లాలో మొదలుపెట్టింది. కోలారు సంతలో ఒక పూట నిలబడితే తెలుగు ఎంత వినబడుతుందో అందరికీ తెలిసిందే. ఒడిశా 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలెట్టినప్పుడు ఎంచుకున్న ఏడు జిల్లాల్లో గజపతి, రాయగడ, కోరాపుట్ ఉన్నాయి. పర్లాకిమిడి, గుణుపురం, జయపురం తెలుగువారి జిల్లాలివి. పథకాలు ముంగిట్లోకే వచ్చాయి. కానీ పరీక్ష చేసి మాత్ర ఇచ్చాక, 'ఏం తినాలి, ఎంత తినాలి, ఎంత నడవాలి' అని చెప్పే నాలుగు మాటలు ఇంట్లో పెద్దావిడకు అర్థమయ్యే భాషలో పడుతున్నాయా అన్నదే ప్రశ్న. మాత్ర చేతికందితే సగం పనే. మిగతా సగం మాటతోనే జరగాలి.

ఆ సగం ఖాళీగా ఉన్నచోట ఏమవుతోందో చూస్తూనే ఉన్నాం. 2017-18 ప్రాంతంలో పిండిపదార్థాలు దాదాపు మానేసి కొవ్వు ఎక్కువగా తీసుకునే ఆహార విధానం తెలుగు ఊళ్ళను ఊపేసింది. సరిహద్దు దాటి హోసూరు, బళ్ళారి, రాయగడ దాకా పాకింది. బరువు తగ్గినవాళ్ళున్నారు, చక్కెర అదుపులోకి వచ్చినవాళ్ళూ ఉన్నారు. అందులో అబద్ధం లేదు. పిండిపదార్థాలు తగ్గిస్తే చక్కెర తగ్గుతుందన్నది వైద్యులూ ఒప్పుకునే మాటే. అయితే ఇన్సులిన్ తీసుకుంటున్నవారు, కొన్ని రకాల మధుమేహం మాత్రలు వాడుతున్నవారు మందు మోతాదు సవరించుకోకుండా ఒక్కసారిగా తిండి మార్చేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. కళ్ళు తిరిగి పడిపోయేదాకా రావచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి లెక్క వేరు, గర్భిణులకు వేరు. విన్నవాళ్ళ చెవిలో నిలిచింది 'మాత్రలు మానేయొచ్చు' అన్న ముక్క ఒక్కటే. 'డాక్టరుకు చెప్పి' అన్న ముక్క దారిలోనే జారిపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే.

తర్వాత చిరుధాన్యాల వంతు వచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. మంచిదే. కోలారు ఇళ్ళలో రాగిసంకటి, షోలాపూర్ ఇళ్ళలో జొన్నరొట్టె కొత్తగా వచ్చినవి కావు. తాతల నాటి తిండికి గౌరవం తిరిగొచ్చింది. కానీ గౌరవంతోపాటు గాలికబుర్లూ వచ్చాయి. ఈ ధాన్యం తింటే కాన్సర్ పోతుందని, ఆ ధాన్యం తింటే చక్కెరవ్యాధి మాయమవుతుందని, ఎంత తిన్నా బరువు పెరగరని ప్రచారం. జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చువేసిన ఆహార పట్టికలు తీస్తే అసలు సంగతి తెలుస్తుంది. 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. తెల్లబియ్యంలో అది 10 మిల్లీగ్రాములకు మించదు. ఇది రాగి గొప్పతనం. అయితే అదే 100 గ్రాముల రాగుల్లో పిండిపదార్థం దాదాపు 67 గ్రాములు. బియ్యంలో 78. తేడా ఉంది గానీ, పళ్ళెం నిండా సంకటి ముద్దలు లాగిస్తే చక్కెర పెరక్క మానదు. పీచు, ఖనిజాలు ఎక్కువ కాబట్టి మేలు, కొలత తప్పితే అదీ కీడే. ఈ రెండో సగం చెప్పేవాడికి వీడియో చూసేవాళ్ళు తగ్గుతారు కాబట్టి ఎవరూ చెప్పరు.

ఇక మూడో రకం అసలు వ్యాపారం. పేటల్లో, అపార్టుమెంట్లలో పొద్దున్నే పొడి కలిపిన పానీయం ఇచ్చి, బరువు తూచి, 'మీరూ చేరండి, మరో నలుగుర్ని చేర్చండి' అనే కూటములు వెలుస్తున్నాయి. చెప్పేది తెలిసిన ఆవిడే, అదే వీధి, అదే భాష, ఒక్కోసారి చుట్టరికం కూడా. అందుకే కాదనలేరు. నెలనెలా వేలు వదులుతాయి. జిమ్ముల్లో ఇంకో తీరు. కండలు పెంచాలన్న ఇరవయ్యేళ్ళ కుర్రాడి చేతిలో ప్రొటీన్ డబ్బా పెడతారు. కొన్నిచోట్ల డబ్బా దగ్గర ఆగక సూదిమందు దాకా పోతారు. నల్లనివన్నీ నీళ్ళు, తెల్లనివన్నీ పాలు అని నమ్మే వయసది. సన్నబరిచే మందుల సంగతి మరీ భయంకరం. సిబుట్రమిన్ అనే మందును గుండెకు ముప్పని తేలడంతో మన ప్రభుత్వం 2011లోనే నిషేధించింది. అదే మందును రహస్యంగా కలిపి 'పూర్తిగా మూలికలే' అని అమ్మిన సరుకులను ఆ తర్వాత కూడా అనేక దేశాల ఔషధ నియంత్రణ సంస్థలు పట్టుకున్నాయి. మూలిక అని రాసినంత మాత్రాన లోపల మూలికే ఉండాలని లేదు.

మరి సామాన్యుడు మంచిచెడ్డలు ఎలా తేల్చుకోవాలి? పెద్ద చదువులేం అక్కర్లేదు. బజారులో వంకాయలు ఏరుకునేటప్పుడు చూపే జాగ్రత్త చాలు. ఏ మాట విన్నా నాలుగు సంగతులు చూడాలి.

చెప్పేవాడు ఏమైనా అమ్ముతున్నాడా అన్నది మొదటిది. ఉపన్యాసం చివర డబ్బా ఫోటో, ఫోన్ నంబరు, 'ఇవాళే బుక్ చేసుకుంటే తగ్గింపు' ఉంటే అది సలహా కాదు, ప్రకటన. ప్రకటనను ప్రకటనలాగే చూడాలి. ఆ మాట ఎవరికి పనికిరాదో చెప్పాడా అన్నది రెండోది. నిజమైన వైద్యుడు 'కిడ్నీ జబ్బుంటే వద్దు, గర్భిణులు వాడొద్దు' అని హద్దులు చెబుతాడు. అందరికీ, అన్ని జబ్బులకీ, అన్ని వయసులకీ ఒకే చిట్కా అంటే అక్కడే అనుమానించాలి. మూడోది, మందులు మానేయమన్నాడా? మీ పరీక్షల కాగితాలు చూడకుండా, మీ మొహం ఎరగకుండా మాత్రలు ఆపేయమనేవాడు ఎంత మంచిగా మాట్లాడినా వాడి మాట వినరాదు. నాలుగోది, 'పరిశోధనలో తేలింది' అంటే ఏ పరిశోధన? ఎక్కడ, ఎంతమంది మీద? ఎలుకల మీద జరిగినదాన్ని మనుషులకు అంటగట్టడం, పదిమంది మీద జరిగినదాన్ని పదికోట్ల మందికి చెప్పడం పరిపాటి అయిపోయింది. పక్కింటాయనకు తగ్గిందన్న సాక్ష్యం ఎంత నిజమైనా అది ఆయన ఒంటి సంగతి. తగ్గనివాళ్ళు వీడియోల్లోకి రారు.

అంకెల్ని కూడా గుడ్డిగా నమ్మకూడదని చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. రోజుకు పదివేల అడుగులు నడవాలన్న మాట ఇప్పుడు వేదవాక్కులా చలామణి అవుతోంది. దీని పుట్టుక ఏ వైద్య గ్రంథంలోనూ లేదు. టోక్యో ఒలింపిక్స్ తర్వాత 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే చిన్న యంత్రాన్ని అమ్మకానికి పెట్టి, దానికి జపాను భాషలో 'పదివేల అడుగుల మీటరు' అని అర్థం వచ్చే పేరు పెట్టింది. సరుకు పేరే సూత్రమై కూర్చుంది. నడక మంచిది కాదని కాదు. రోజుకు ఏడువేల అడుగుల దగ్గరే చాలా మటుకు మేలు దక్కుతుందని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. పదివేలు చేరలేక అసలు నడకే మానేసినవాళ్ళకు ఈ సంగతి తెలియాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ఇంకా సులువు. పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు కాస్త ఒగర్పు వచ్చేలా కదలాలి. వారంలో రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని చేయాలి. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు గబగబా నడిస్తే 150 నిమిషాలు అయిపోతాయి. దానికి జిమ్ము రుసుము కట్టనక్కర్లేదు. అయితే భివండిలో మరమగ్గం దగ్గర పన్నెండు గంటలు నిలబడే కార్మికుడికీ, షోలాపూర్‌లో రోజంతా కూర్చుని బీడీలు చుట్టే మహిళకూ ఒకే సలహా సరిపోదు. ఒకరికి కాళ్ళకు విశ్రాంతి కావాలి, మరొకరికి గంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం కావాలి. ఎదురుగా ఉన్న మనిషిని చూసి చెప్పేదే సలహా. గాల్లోకి చెప్పేది కబురు.

పూచీ ఉన్న మాట ఎక్కడ దొరుకుతుందంటే, తెలుగువారికి అది ఇంటి పెరట్లోనే ఉంది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పుట్టింది నిజానికి తమిళనాడులో. 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో, రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడి ఆధ్వర్యంలో బెరిబెరి వ్యాధి మీద విచారణగా మొదలైంది. 1937లో ఆక్రాయిడ్ డైరెక్టరుగా ఉన్న రోజుల్లో భారతీయ ఆహారాల పోషక విలువల మీద తొలి పుస్తకం అక్కడి నుంచే వచ్చింది. 1958లో సంస్థ హైదరాబాదుకు మారింది. 1969లో ఇప్పటి పేరు వచ్చింది. సరిహద్దు దాటి వచ్చి స్థిరపడిన సంస్థ అది, సరిహద్దు దాటి వెళ్ళి స్థిరపడిన తెలుగువారిలాగే. వందేళ్ళకు పైగా అక్కడ చేస్తున్న పని మన దేశపు తిండిని తూచి, పరీక్షించి, లెక్కగట్టడం. తన మాట మారితే ఎందుకు మారిందో కూడా రాసిపెడుతుంది. పూచీ అంటే అదే.

ఆ సంస్థ 2024 మే నెలలో 17 సూత్రాలతో కొత్త మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2000 కేలరీల లెక్కన ఒక మనిషి పళ్ళెంలో ఏముండాలో అందులో ఉంది. వండకముందు తూకంలో ధాన్యాలు 250 గ్రాములు. పప్పులు గానీ గుడ్లు, మాంసం, చేపలు గానీ 85 గ్రాములు. కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు. పండ్లు 100. గింజలు, పల్లీలు 35. పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. నూనె, నెయ్యి 27 గ్రాములు. ఉప్పు 5 గ్రాములు దాటరాదు. కండల కోసం ప్రొటీన్ పొడులు వద్దని, పప్పూ ధాన్యమూ కలిపి తినే మామూలు తిండితోనే మంచి మాంసకృత్తులు దొరుకుతాయని అందులోనే ఉంది. ఉలవల్లో 100 గ్రాములకు దాదాపు 22 గ్రాముల మాంసకృత్తులున్నాయని ఆ సంస్థ పట్టికలే చెబుతున్నాయి. ఉలవచారు కాచుకునే ఇంటికి డబ్బా ఎందుకు?

ఈ గ్రాముల లెక్క ఇల్లాలికి కుదరదనుకోవచ్చు. నెల సరుకుల చీటీలోకి మారిస్తే సులువుగానే ఉంటుంది. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంట్లో నెలకు నూనె, నెయ్యి అన్నీ కలిపి సుమారు మూడున్నర లీటర్లు. ఉప్పు 600 గ్రాములు. ఇందులోనే ఆవకాయ, అప్పడం, వడియంలో ఉన్న ఉప్పు కూడా లెక్కకు రావాలి. బియ్యం, గోధుమలు, రాగులు, జొన్నలు అన్నీ కలిపి 30 కిలోలు. నెలాఖరున ఖాళీ అయిన నూనె ప్యాకెట్లు లెక్కపెడితే చాలు, ఇంటి ఆరోగ్యం ఏ దారిలో పోతోందో తెలిసిపోతుంది. రోజుకు నాలుగు టీలు, టీకి రెండేసి చెంచాల పంచదార అయితే 30 గ్రాములు దాటినట్లే. సుమారు 25 గ్రాముల దగ్గర ఆగాలన్నది నిపుణుల మాట. నడుము కొలత మరో తేలిక పరీక్ష. మన దేశపు మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్త పడాలి. టైలరు టేపు ఉంటే చాలు, ఏ పొడి అమ్మేవాడి తూకంయంత్రమూ అక్కర్లేదు.

సరుకుల దుకాణంలో భాష కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. మన రాగులు, కొన్నిచోట్ల చోళ్ళు, తైదలు, తమిళంలో కేళ్వరగు, మరాఠీలో నాచణి, ఒడియాలో మాండియా. మన కొర్రలు కన్నడంలో నవణె, తమిళంలో తినై, మరాఠీలో రాళ. తెలుగు వీడియోలో కొర్రలని విని, అవి తమ ఊళ్ళో దొరకవనుకుని, తెప్పించుకోవడానికి మూడింతలు ధర పెట్టేవాళ్ళున్నారు. అదే ధాన్యం వీధి చివరి దుకాణంలో మరో పేరుతో కూర్చుని ఉంటుంది. ఇంట్లో రెండు భాషలూ తెలిసిన పిల్లలు ఈ చిన్న సాయం చేస్తే డబ్బూ మిగులుతుంది, మోసమూ తప్పుతుంది.

మనుషుల్లో ఎవరిని అడగాలన్నదీ ముఖ్యమే. ఇంటికొచ్చే ఆశా కార్యకర్త, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని డాక్టరు, ప్రభుత్వాసుపత్రిలో బీపీ, షుగరు చూసే విభాగం డబ్బు తీసుకోని సలహాదారులు. వాళ్ళకు అమ్ముకోవాల్సిన డబ్బా లేదు. ప్రైవేటుగా పోషకాహార నిపుణుల దగ్గరకు వెళితే చదువేమిటని అడగడంలో తప్పు లేదు. నాలుగు వారాల కోర్సు చేసినవారూ, పోషకాహారంలో పట్టా తీసుకుని ఆసుపత్రిలో పనిచేసినవారూ ఒకే పేరు చెప్పుకుంటున్న రోజులివి. జిమ్ము శిక్షకుడు బరువులెత్తడం నేర్పవచ్చు. మధుమేహానికి మందు చెప్పడం అతని పని కాదు.

చట్టాలూ లేకపోలేదు. అద్భుత చికిత్సల ప్రకటనలను అరికట్టే చట్టం 1954 నుంచి ఉంది. మధుమేహం, స్థూలకాయం, రక్తపోటు, గుండెజబ్బులు నయం చేస్తామని ప్రకటించడం ఆ చట్టం కింద నేరం. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. ఆహార భద్రత చట్టం 2006లో వచ్చింది. తప్పుదారి పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు. 2019 వినియోగదారుల చట్టం ఆ ప్రకటనల్లో కనిపించే ప్రముఖులనూ బాధ్యుల్ని చేసింది. ఆరోగ్య నిపుణులుగా చెప్పుకుంటూ వీడియోలు చేసేవారు తమ అర్హతలు వెల్లడించాలని కేంద్రం 2023లో మార్గదర్శకాలిచ్చింది. డబ్బా మీద ఉండే 14 అంకెల లైసెన్సు నంబరు చూసి చాలామంది ప్రభుత్వమే మెచ్చిందనుకుంటారు. అది తయారీదారు ఎవరో చెప్పే గుర్తు మాత్రమే, గుణానికి హామీ కాదు. ఆరోగ్య పొడుల డబ్బా వెనక సన్నటి అక్షరాల్లో 'నాట్ ఫర్ మెడిసినల్ యూజ్' అని ఉంటుంది. మందుగా పనికిరాదని దానర్థం. ముందువైపు మాటకారితనానికి వెనకవైపు ఇచ్చిన జవాబది. అయినా మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అక్కడ తెలుగులోనూ ఫిర్యాదు తీసుకుంటారు. ఏ రాష్ట్రంలో ఉన్నా ఆ నంబరు పనిచేస్తుంది.

వ్యక్తులు జాగ్రత్త పడాలనడంతో ప్రభుత్వాల బాధ్యత తీరిపోదు. ఒక ప్రాంతంలో 15 నుంచి 20 శాతం జనాభా భాషాపరమైన అల్పసంఖ్యాకులైతే ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు వారి భాషలోనూ వేయాలని కేంద్రం 1956లోనే రాష్ట్రాలకు పంపిన పత్రంలో ఉంది. అదే ఏడాది రాజ్యాంగంలో చేరిన 350-బి అధికరణ వీరి రక్షణలను కనిపెట్టి చూసేందుకు ప్రత్యేక అధికారిని ఏర్పాటు చేసింది. కోలారు, చిక్కబళ్ళాపురం, కృష్ణగిరి లాంటి జిల్లాల్లో ఆ శాతానికి మించి తెలుగు వినిపించే తాలూకాలకు కొదవ లేదు. పాఠశాలల గురించి, పాఠ్యపుస్తకాల గురించి ఈ హక్కును అడుగుతూనే ఉన్నారు. అడగాల్సిందే. చక్కెర పరీక్ష చీటీ వెనక ఏం తినాలో నాలుగు తెలుగు వాక్యాలు అచ్చువేయమని కూడా అంతే గట్టిగా అడగాలి. తెలుగు అధికార భాషగా చెల్లే యానాంలో ఇది ఎప్పుడో జరిగి ఉండాల్సిన పని. మిగతాచోట్లా పెద్ద ఖర్చేమీ కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆరోగ్యశాఖలు తెలుగులో ఇలాంటి సమాచారం తయారుచేస్తూనే ఉన్నాయి. దాన్ని పొరుగు రాష్ట్రానికి ఇస్తే అడ్డుచెప్పేవారుండరు. పుచ్చుకోవడానికి మనసుండాలి.

కాగితమొక్కటే చాలదన్నదీ నిజం. సరిహద్దు అవతల ఎన్నో ఇళ్ళలో తెలుగు నోటిలో ఉంది, చేతిలో లేదు. ఇంట్లో తాతయ్య ఈ పత్రిక చదువుతుంటే పక్కన కూర్చున్న మనవడికి అక్షరాలు రావు. అమ్మకు ఏ లిపీ రాకపోవచ్చు. కాబట్టి మాట వినిపించే ఏర్పాటు కావాలి. ఆశా కార్యకర్తల్లో తెలుగు వచ్చినవారిని తెలుగు వాడలకు పంపడం, వారి ఫోనులోనే ఐదు నిమిషాల తెలుగు మాట పెట్టడం జిల్లా ఆరోగ్యాధికారి తలచుకుంటే వారం పని. తెలుగు సంఘాలు ఉగాదికి కవి సమ్మేళనాలు జరుపుతున్నాయి, సంతోషం. ఏడాదికి ఒక్క ఆదివారం ప్రభుత్వాసుపత్రి డాక్టరును, పట్టా ఉన్న పోషకాహార నిపుణురాలిని పిలిచి తెలుగులో ప్రశ్నలడిగే సభ పెడితే భాషకూ మేలే, ఒంటికీ మేలే. అలాంటి సభకు పొడులు అమ్మే కంపెనీల విరాళం తీసుకోకపోవడం అన్నిటికంటే ముఖ్యం. అద్భుత చికిత్సల ప్రకటనలు మోసే పత్రికలకూ, ఛానళ్ళకూ ఇదే నియమం వర్తించాలి. పాఠకుడి నమ్మకాన్ని గజాల లెక్కన అమ్ముకోవడం తగదు.

అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. చెప్పేవాడిని 'నీకేం తెలుసు, నువ్వేం అమ్ముతున్నావు' అని అడగాలి. డాక్టరును 'ఇది నాకు పనికొస్తుందా' అని అడగాలి. ప్రభుత్వాన్ని 'మా భాషలో చెప్పండి' అని అడగాలి. మాతృభాషలో వచ్చిన మాటను గౌరవించడం వేరు, నమ్మేయడం వేరు. నలభై, యాభై ఏళ్ళ వయసులో ఇంటికి దీపంలాంటి మనిషి మాత్రలు మానేసి మంచాన పడితే, ఆ వీడియో చేసినవాడు వచ్చి ఆసుపత్రి బిల్లు కట్టడు. పూచీ లేని మాటను గడప బయటే ఆపడం ప్రతి ఇంటికీ చేతనైన పని. ఆ పని ఇవాళ్టి నుంచే మొదలవ్వాలి.